ఆ నిద్రమాత్ర సంగతి ముందు చూడండి

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. విజయవాడ హాస్టల్లో ఉండి నీట్ లాంగ్‌టర్మ్ చదువుతున్నాను. ఇది రెండో ఏడాది. మూడు నెలలుగా పుస్తకం తెరిస్తే ఏడుపొస్తోంది, చదివింది గుర్తుండట్లేదు. నా మీద నాకే నమ్మకం పోయింది. రూమ్మేట్ ఇచ్చిన ఆల్‌ప్రజోలామ్ రోజూ వేసుకుంటేనే నిద్ర. ఇంట్లో చెప్పలేదు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరా?

జవాబు: టానిక్ రాయను. మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది ఆల్‌ప్రజోలామ్. ఎంత డోసో, ఎన్నాళ్లుగానో రాయలేదు. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే షాపువాళ్లు రిజిస్టర్లో రాయాలి. స్నేహితురాలి స్ట్రిప్పులోంచి తుంచుకుని వేసుకునే మాత్ర కాదమ్మా. చదివింది గుర్తుండకపోవడానికి ఆ మాత్రే కొంత కారణం కావచ్చు. రాత్రి మాత్ర, పొద్దున మత్తు, మత్తు వదలడానికి కాఫీలు, కాఫీలతో నిద్ర పట్టక మళ్లీ మాత్ర. నా ఓపీకి వచ్చే లాంగ్‌టర్మ్ పిల్లల్లో ఈ వరస తరచూ చూస్తున్నాను.

అలాగని ఈ రాత్రే మానేయకండి. కొన్ని వారాలు రోజూ వాడాక ఒక్కసారిగా ఆపితే గుండెదడ, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మెల్లగా ఎలా తగ్గించాలో సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ ఆ ఓపీ ఉంది.

మీది బర్నవుటో (చదువు ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడమో), డిప్రెషనో ఉత్తరం చూసి తేల్చలేను. మూడు నెలల ఏడుపును మాత్రం అలసట అని వదిలేయకూడదు. ఇన్నాళ్లు ఆగడం పొరపాటే. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 ఒకసారి చూపించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి నీరసం, మతిమరుపు వస్తాయి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

నమ్మకం పోయిందని రాశారు. అది నిద్ర కుదుటపడ్డాకే మెల్లగా వస్తుంది. అప్పటిదాకా ర్యాంకు లిస్టు చూడటం ఆపి, బయాలజీలో మీకు బాగా వచ్చిన చాప్టర్ నుంచి రోజూ 20 ప్రశ్నలు గడియారం పెట్టుకోకుండా చేయండి. రైటయినవి ఎన్నో నోట్‌బుక్కులో రాసుకోండి.

ఈ ఆదివారం అమ్మకు చెప్పండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి, డోసు డాక్టర్ చూడాలి.