ఆ చేతులెందుకు దాచావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ నాలుగు బొమ్మలూ అందాయి. ఉత్తరంలో ముప్పాతిక వంతు నీ స్నేహితురాలి గురించే ఉంది. ఆమె గీత ఎంత బాగుంటుందో, ఆమె బొమ్మ పెట్టగానే ఎన్ని లైకులు పడతాయో, అది చూశాక నీకు పెన్సిలు ముట్టుకోబుద్ధి కాదట. సరే. మొదటి బొమ్మలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మమ్మ నడుం వంపు చక్కగా పట్టావు. మరి ఈనెలు తీసే చేతులేవీ? కొంగు కప్పేశావు. రెండో బొమ్మలో అబ్బాయి చేతులు వెనక్కి కట్టుకున్నాడు, మూడోవాడు జేబుల్లో పెట్టుకున్నాడు, నాలుగో బొమ్మ భుజాల దగ్గరే ఆగిపోయింది. నాకు చిరాకు పుట్టింది అక్కడే.

'నాకు టాలెంట్ లేదేమో' అన్నావు. అంత పెద్ద మాటెందుకు? నీకు రానివి చేతులు. కుళ్ళు ఎప్పుడూ మొత్తం బొమ్మని చూసి పుడుతుంది. ఎంత బాగా వేసిందో అంటుందే తప్ప ఎక్కడ బాగుందో చెప్పదు. దాని చేత చెప్పించాలి.

నీకు బాగా కుళ్ళు పుట్టించిన ఆమె బొమ్మ ఒకటి ఏ4 సైజులో ప్రింటు తీయించు. పక్కన అంతే కాగితం పెట్టుకుని 2బి పెన్సిలుతో కాపీ చెయ్యి. పూర్తయ్యాక ప్రింటు మీద ట్రేసింగ్ పేపరు పెట్టి బయటి గీతలు ఎత్తి, దాన్ని నీ కాపీ మీద పరుచు. తప్పిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో గీసి, పక్కనే మాటల్లో రాయి: 'ముంజేయి పొట్టి', 'బొటనవేలు మిగతా వేళ్ళ వరసలోనే ఉంది', 'నీడంతా ఒకే నలుపు'. అక్కడ తేలిన నాలుగైదు తప్పులే వచ్చే నెల నీ పని. కాపీ ఇంట్లోనే ఉండాలి, నీ సొంత బొమ్మే అని చెప్పి ఎక్కడా పెట్టకు.

డచ్ చిత్రకారుడు వాన్‌గో బొమ్మలే వృత్తి అనుకున్నది 1880లో, 27 ఏళ్ళ వయసులో. ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ బార్గ్ డ్రాయింగు పాఠాల్ని ముందుపెట్టుకుని పదేపదే కాపీ చేశాడు. 1890లో, తను చనిపోయిన ఏడాది కూడా, మళ్ళీ అవే తెప్పించుకున్నాడు.

ఇదంతా చేసేటప్పుడు రబ్బరు వేరే గదిలో ఉండాలి. ఈ విషయంలో నాతో వాదించకు. చెరిపేస్తే తప్పు గీత పోతుంది, దానితోపాటు ఎంత తప్పామో చెప్పే ఆధారమూ పోతుంది. మళ్ళీ అక్కడే, అలాగే గీస్తావు. అమ్మమ్మ ముఖం దగ్గర కాగితం నూగు లేచిపోయింది చూడు. ఎన్నిసార్లు చెరిపినా కళ్ళు ఇంకా నుదుటి మీదే ఉన్నాయి. నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యన ఉండాలవి. జుట్టు ఉన్న భాగాన్ని లెక్కలోకి తీసుకోక అందరూ ఇక్కడే పడతారు. మొదటి గీత పల్చగా గియ్యి, తప్పితే ఉండనిచ్చి పక్కన గట్టిగా సరైనది గియ్యి.

ఇక చేతులు. నీ ఎడమ చెయ్యే చాలు, అద్దె అడగదు. మణికట్టు నుంచి నడివేలి కొస దాకా పొడుగు, గడ్డం నుంచి ఇంచుమించు నుదుటి పైభాగం దాకా వస్తుంది. ముఖానికి ఆనించి చూసుకో. కొత్తవాళ్ళు దాదాపు అందరూ చేతులు చిన్నవి వేస్తారు. చేతి వెనకవైపు చూస్తే, నడివేలు కణుపు నుంచి కొస దాకా చేతి పొడుగులో సగం ఉంటుంది. అరచేతి వైపు అదే వేలు పొట్టిగా కనబడుతుంది. వేళ్ళ మొదట్లో చర్మం పైకి వచ్చి కొంత కప్పేస్తుంది కాబట్టి. వేళ్ళతో మొదలుపెడితే చెడుతుంది. ముందు అరచేతిని మందం ఉన్న పెట్టెగా వెయ్యి, నాలుగు వేళ్ళూ కలిపి ఒకే ముక్కగా తగిలించు. బొటనవేలు పక్కనుంచి, వేరే దిక్కుకి. కణుపులు వంపు గీత మీద వస్తాయి, తిన్నగా రావు. ఆ తర్వాతే వేళ్ళు విడదియ్యి, అప్పుడు కూడా వేళ్ళని కాక వాటి మధ్య ఖాళీల ఆకారం చూసి గియ్యి. గోళ్ళు ఆఖరున. భంగిమకి రెండు నిమిషాలు, రోజుకి పది. కిందన తారీకు వెయ్యి.

ఒక్క నిమిషంలో బొమ్మ వేసి చూపించే ఆ వీడియోలు మాత్రం చూడకు. గంటల పనిని పరుగు పెట్టించి, తప్పిన కాగితాలు తీసేసి చూపిస్తారు. నీ సందేహాల్లో సగం అక్కడివే.

పత్రికలకి పంపనా అని అడిగావు. పంపు, కానీ తెలుసుకుని పంపు. సాయంత్రం కథ పంపి తెల్లారేసరికి బొమ్మ కావాలంటారు, పైగా 'బాపు గారి టైపులో' అంటారు. ఆయన గీతలో లావు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ సన్నబడిందో చూసి నేర్చుకో. ఆ కళ్ళూ ఆ జడా ఎత్తి నీ బొమ్మకి పెట్టకు. పారితోషికం ముందే అడుగు. బొమ్మని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి స్కానే పంపు. ఒరిజినల్ ఎవరడిగినా ఇవ్వకు, తిరిగి రాదు.