పాత హత్యలు, కొత్త అట్టలు

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. బ్రిటిష్ లైబ్రరీ వాళ్లు మళ్లీ అచ్చేస్తున్న పాత డిటెక్టివ్ కథలు, అదే ఆ క్రైమ్ క్లాసిక్స్, అర నిండా బారులు తీరి చూడముచ్చటగా ఉన్నాయి. అందులో సగం ఇంకా తెరవనేలేదని మీ అమ్మ చెప్పింది. లండన్‌లో ఉంటూ, ఆ లైబ్రరీ షాపు నడిచి వెళ్లే దూరంలో పెట్టుకుని, కొనొద్దంటే వింటావా? నేను అననూ అనను. కొనే పద్ధతి మాత్రం చెబుతాను.

ఆ అట్టలే అసలు మాయ. చాలావాటి మీద పాత రైల్వే పోస్టర్ల బొమ్మలు: సముద్రపు ఒడ్డు, పచ్చని కొండలు. లోపల శవం ఉందని అనిపించనే అనిపించదు, చెయ్యి దానంతటదే పోతుంది. అందుకని నాలుగు పేజీలు అక్కడే నిలబడి చదువు. 1930ల నాటి డిటెక్టివ్ నవలలన్నీ ఆణిముత్యాలేం కావు. రైళ్ల టైం టేబుల్ పట్టుకుని అధ్యాయాలకు అధ్యాయాలు సాగదీసే ఇన్‌స్పెక్టర్లున్నారు (నాకు వాళ్లంటేనే ఇష్టం, అది వేరే సంగతి).

ఫార్జన్ రాసిన ‘మిస్టరీ ఇన్ వైట్’ ఉందా నీ దగ్గర? 1937 నాటిది. జనం మర్చిపోయారు. 2014లో మళ్లీ వేస్తే క్రిస్మస్‌కి ఎగబడి కొన్నారు. మంచులో రైలు ఆగిపోతుంది, దిగి నడిచినవాళ్లకి ఓ ఇల్లు దొరుకుతుంది. పొయ్యి మండుతూ ఉంటుంది, టీ సిద్ధంగా ఉంటుంది, మనుషులే ఉండరు. ఇలాంటిది దొరికితే ఆలోచించకు.

రచయిత కొత్తయితే ముందు మార్టిన్ ఎడ్వర్డ్స్ కూర్చిన కథా సంకలనం ఒకటి తీసుకో. ఒక్క పుస్తకంలోనే చాలామందిని రుచి చూడొచ్చు. నచ్చినవాళ్ల నవలలు తర్వాత.

ఇంకోటి, ఒక్కోసారి ఒకే నవల రెండు పేర్లతో ఉంటుంది. అగాథా క్రిస్టీ ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ 1934లో అమెరికాలో ‘మర్డర్ ఇన్ ది కలే కోచ్’గా వచ్చింది. ఉన్నదే మళ్లీ కొనకుండా, డబ్బులిచ్చే ముందు కాపీరైట్ పేజీ చూడు.

స్టాకు అయిపోతుందేమోనని టెన్షన్ వద్దు, కావాలంటే వాళ్లే మళ్లీ వేస్తారు. ముందుముందు రేటు పలుకుతుందనీ ఆశపడకు. ఆ రేట్లు పైన తొడిగే కాగితం అట్ట (జాకెట్) చెక్కుచెదరని తొలి ముద్రణలకి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు చదివేసినవి నాలుగు పట్టుకురా. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏరిన ఆకుపచ్చ అట్టల పెంగ్విన్ డిటెక్టివ్ నవలలు నా దగ్గరున్నాయి, మార్చుకుందాం. హంతకుడెవరో మీ అత్తకి మాత్రం ముందే చెప్పెయ్యకు.

మీ పెద్ద మావయ్య