మూడు నెలల జీతం బాకీ, ముందర సెటిల్‌మెంట్ కాగితం: తమ్ముడు సంతకం పెట్టాలా?

దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ రాశారు: "అన్నా, మా తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. ఫుట్‌బాల్ ఆటగాడు. వేరే రాష్ట్రంలో ఒక ప్రొఫెషనల్ క్లబ్‌తో రెండేళ్ళ కాంట్రాక్టు, నెలకు 90,000. ఇంకా 14 నెలలు మిగిలి ఉంది. మూడు నెలల నుంచి జీతం రాలేదు. బాకీలో అరవై శాతం ఇస్తాం, ఇక మాకూ నీకూ ఏ లెక్కా లేదని సంతకం పెట్టి వెళ్ళిపో అంటున్నారు. ఏజెంటు కూడా తీసుకోమంటున్నాడు. నల్గొండలో ఇంటికి ఈఎంఐ 24,500 కట్టాలి. నాన్న తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చాడు. ఊళ్ళో ఎకరం ఇరవై గుంటలుంది, అమ్మేద్దామని అమ్మ అంటోంది. తమ్ముడి దగ్గర లక్షా పదివేలు, నా పేరు మీద రెండు లక్షల ఎఫ్‌డీ, ఇంట్లో ఐదు తులాల బంగారం ఉన్నాయి. ఏం చేయమంటారు?"

వద్దు చెల్లెమ్మా, ఆ కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టనివ్వొద్దు, భూమి మాట అసలే ఎత్తొద్దు. ఎందుకో లెక్కతోనే చెప్తాను.

మూడు నెలల బాకీ 2,70,000. అరవై శాతం అంటే 1,62,000. పోయేది లక్షా ఎనిమిది వేలే కదా, తలనొప్పి వదులుతుంది అని మీకు అనిపిస్తుంది, ఏజెంటు కూడా అట్లాగే చెప్తున్నాడు. కానీ "ఏ లెక్కా లేదు" అన్న ఒక్క మాటతో మిగిలిన 14 నెలల 12,60,000 మీద హక్కు కూడా పోతుంది. అదంతా చేతికి వస్తుందని నేను మాట ఇవ్వను, తమ్ముడు ఇంకో క్లబ్‌లో చేరితే అక్కడ వచ్చే జీతాన్ని నష్టపరిహారంలోంచి మామూలుగా తగ్గిస్తారు కూడా. అయినా 1,62,000 కోసం వదులుకునే హక్కు కాదది. ఇంకో మాట, ఏజెంటుకు సాధారణంగా కమిషన్ వచ్చేది కొత్త కాంట్రాక్టు మీద. పాత బాకీ ఎంత వసూలైనా ఆయనకు పెద్ద తేడా ఉండదు, కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆయన సలహా పక్కన పెట్టండి.

నాది పాలమూరు. మా నాయన గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు పోయేవాడు. పోయేముందు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చేవాడు, ఆ డబ్బు ఇంట్లో బియ్యానికీ పాత అప్పుకూ అయిపోయేది, ఆర్నెల్లు మట్టి మోసి లెక్క చూసే రోజు వచ్చేసరికి "ఇంతే వస్తుంది, తీసుకుంటావా పోతావా" అనేవాడు. నాయనకు లెక్కలు రాక కాదు, తప్పని తెలిసీ తీసుకునేవాడు, ఎందుకంటే ఊళ్ళో షావుకారు ఎదురు చూస్తుండేవాడు. మీ ఉత్తరంలో నూటికి రెండు రూపాయలు అన్న చోట నా కన్ను ఆగింది. తమ్ముడితో ఆ సంతకం పెట్టించబోయేది క్లబ్ కాదు, ఆ మూడు లక్షల అప్పు. నెలకు 6,000 వడ్డీ, ఏడాదికి 72,000. ముందు దాన్ని తీసేయాలి.

బ్యాంకులో బంగారం పెట్టండి. ఐదు తులాల్లో కొంత పెట్టినా ఇప్పటి ధరకు మూడు లక్షలు వస్తాయి. వడ్డీ ఏడాదికి తొమ్మిది, పది శాతం చుట్టూ ఉంటుంది, అంటే నెలకు 2,500 లోపే. అమ్మ బాధపడుతుంది, నాకు తెలుసు, కానీ బంగారం విడిపించుకోవచ్చు, టెన్షన్‌లో అమ్మిన భూమి మళ్ళీ ఆ రేటుకు దొరకదు. ఆ డబ్బు ఇంకెటూ మళ్ళకుండా అదే రోజు నాన్న అప్పు తీర్చేయండి, ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చింపేయండి.

ఇప్పుడు నెల ఖర్చు చూద్దాం. ఈఎంఐ 24,500, బంగారం వడ్డీ 2,500, తమ్ముడి తిండీ గది అద్దె, అమ్మానాన్నల మందులూ కలిపి ఒక 15,000 అనుకుంటే మొత్తం 42,000. మీ ఇద్దరి దగ్గర కలిపి 3,10,000 ఉంది. అంటే ఏడు నెలలు ఎవరి ముందూ చేయి చాపకుండా ఆగగలరు. ఎఫ్‌డీ మీ కష్టార్జితం, తమ్ముడి కోసం విరగ్గొట్టడం మీ ఇష్టం మీదే ఉండాలి, మీ పెళ్ళి కోసమో పిల్లల కోసమో దాచుకున్నదైతే చేబదులుగానే ఇచ్చి ఒక కాగితం రాయించుకోండి, అందులో తప్పేం లేదు. ఇక ఈఎంఐ ఒక్కటి కూడా తప్పనివ్వొద్దు, 90 రోజులు దాటితే బ్యాంకు ఆ లోనును మొండి బాకీగా (ఎన్‌పీఏ) లెక్కేస్తుంది, అంతకు ముందే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. కష్టం అనిపిస్తే తప్పాక కాదు, తప్పకముందే బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్ళి గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి.

ఈ ఏడు నెలలు ఆగగలగడం ఎందుకంత ముఖ్యమో చెప్తాను. 2011 ఆగస్టులో స్పెయిన్‌లో లీగ్ మొదటి రౌండ్ మ్యాచ్‌లే జరగలేదు, ఆటగాళ్ళు సమ్మె చేశారు. సుమారు 200 మంది ఆటగాళ్ళకు క్లబ్‌లు దాదాపు 5 కోట్ల యూరోలు బాకీ పడ్డాయి. ఆ సమ్మె ప్రకటించిన సమావేశంలో కూర్చున్నది జీతం అందనివాళ్ళు మాత్రమే కాదు, రియల్ మాడ్రిడ్, బార్సిలోనా లాంటి పెద్ద క్లబ్‌ల స్టార్లు కసియాస్, పుయోల్ కూడా. వాళ్ళకు ఏ లోటూ లేదు, అందుకే ఆగగలరు, చిన్న క్లబ్‌లో ఆడేవాడు ఆగలేడు. అంతకు చాలా ముందు ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లు మించి ఇవ్వకూడదని రూల్ ఉండేది, 1961 జనవరిలో జిమ్మీ హిల్ నాయకత్వంలో యూనియన్ సమ్మె నోటీసు ఇస్తేగానీ అది పోలేదు. మన దగ్గర అంత బలమైన యూనియన్ లేదు, ఇంటి పొదుపే సమ్మె నిధి అనుకోవాలి.

తమ్ముడి ఒక్కడి కథ కూడా కాదిది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచినప్పుడు మనమంతా సంబరపడ్డాం. ఆ తర్వాతి రెండేళ్ళలోపే జీతాల బకాయిలతో ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పెట్టింది, చివరికి 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. కప్పు గెలిచిన క్లబ్ అది! అదే ఏడాది జులైలో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కూ (ఏఐఎఫ్ఎఫ్) లీగ్ నడిపే కంపెనీకీ ఒప్పందం తేలక ఐఎస్ఎల్ కొత్త సీజన్‌నే తాత్కాలికంగా ఆపేశారు, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ళకూ సిబ్బందికీ జీతాలు నిలిపేస్తున్నామని ప్రకటించింది. పెద్ద క్లబ్‌ల పరిస్థితే అట్లా ఉంటే, మీ వాడిది ఆటగాడిగా తప్పు ఏమీ లేదని ముందు వాడికి చెప్పండి. ఇట్లాంటప్పుడు పిల్లలు తమలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతారు.

ఇక చేయాల్సిన పని. ఫిఫా నిబంధనల్లో ఆటగాడికి బలమైన రూల్ ఒకటుంది: రెండు నెలల జీతం గడువుకు ఇవ్వకపోతే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువు ఇవ్వాలి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవడానికి అది న్యాయమైన కారణం. మీ వాడికి మూడు నెలలు దాటింది. క్లబ్ కూడా ఆటగాడు కూడా ఇక్కడివాళ్ళే కాబట్టి గొడవ తీర్చేది ఏఐఎఫ్ఎఫ్‌లోని ప్లేయర్స్ స్టేటస్ కమిటీ. నోటీసు మాటలు సొంతంగా రాయొద్దు. ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని 2006 నుంచి ఆటగాళ్ళ సంఘం ఉంది, వాళ్ళకు మెయిల్ పెట్టండి, లేదా క్రీడా కాంట్రాక్టులు తెలిసిన లాయర్‌కు చూపించండి. ఆ ఫీజుకు వెనకాడొద్దు. క్లబ్‌కు వచ్చే సీజన్ లైసెన్స్ కావాలంటే ఆటగాళ్ళ బకాయిలు మిగిలి ఉండకూడదు, ఆ సమయం దగ్గరపడే కొద్దీ వాళ్ళే మాట్లాడటానికి వస్తారు.

అంతవరకు తమ్ముడు ప్రాక్టీసుకు ఒక్క రోజు కూడా మానొద్దు. జీతం ఇవ్వట్లేదు ఎందుకు పోవాలి అన్న కోపం న్యాయమైందే, నాకూ వస్తుంది, కానీ మానితే కాంట్రాక్టు తప్పింది నువ్వే అని వాళ్ళు తిప్పి కొడతారు. ఫోన్‌లో మాట్లాడిందంతా ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపాలి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజ్‌లు, సంతకాలున్న కాంట్రాక్టు కాపీ మీ దగ్గర ఒక సెట్ పెట్టుకోండి. ఇంకోటి, నెలకు 90,000 అన్నారు, చేతికి 81,000 వస్తుండేదంటే పది శాతం టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, కోశారన్నమాట. వాడి పాన్‌తో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ తెరిచి ఆ డబ్బు నిజంగా జమ అయిందో లేదో చూడండి. కోసి కట్టకపోతే అది కూడా నోటీసులో రాయాలి.

సెటిల్‌మెంట్ అన్నదే వద్దని కాదు. బాకీ మొత్తం 2,70,000, సగం సంతకం రోజే, మిగతా సగం తేదీ వేసి, తమ్ముణ్ణి ఏ షరతూ లేకుండా వదిలేస్తున్నట్టు క్లబ్ కాగితం, ఇవి ఇస్తే, చేతిలో ఇంకో క్లబ్ ఆఫర్ రాతలో ఉంటే, ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్ళు క్లబ్ మారడానికి ఇచ్చే గడువు) మూసేలోపు తీసుకోమనే చెప్తాను. ఇరవై ఆరేళ్ళ వాడికి ఒక సీజన్ ఖాళీగా పోవడం కూడా పెద్ద నష్టమే. ఇంకో ఏడెనిమిదేళ్ళు ఆడతాడేమో. మళ్ళీ జీతం మొదలయ్యాక మొదట బంగారం విడిపించాలి, తర్వాత ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టాలి, ఆ తర్వాతే ఏ పాలసీ అయినా ఏ ప్లాటు అయినా. సొంత ఆరోగ్య బీమా మాత్రం ఇప్పుడే తీసుకోండి, క్లబ్ బీమా కాంట్రాక్టుతోనే పోతుంది.

సోమవారం బ్యాంకుకు వెళ్ళేటప్పుడు నాన్నను కూడా తీసుకెళ్ళండి, లేకపోతే అప్పు తీర్చాక కూడా ఆయన భయం పోదు. నోటీసు మెయిల్ పోయిన తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. పదహారో రోజు నాకు మళ్ళీ రాయండి, డబ్బులు వచ్చినా రాకపోయినా.