పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టడం లేదంటే

చిట్టితల్లికి,

మొన్న ఫోన్లో "బాగానే ఉన్నాను పెద్దమ్మా" అన్నావు. ఆ తర్వాత నువ్వు ఊరుకున్న తీరు రెండు రోజులుగా నా మనసులోంచి పోవడం లేదు. వెనక పాప ఏడుస్తూనే ఉంది, నువ్వు కదల్లేదు. చివరికి మీ అమ్మ వచ్చి ఎత్తుకున్నట్టుంది. ముప్పై నాలుగేళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేశాను. బాలింత గొంతులో నీరసమేదో, దిగులేదో నాకు తెలుస్తుంది. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ బాగానే ఉన్నానంటావని ఉత్తరం రాస్తున్నాను. పక్కన ఎవరూ లేనప్పుడు చదువుకో.

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం సగం మందికి పైగా తల్లులకు ఉంటుంది. కడుపుతో ఉన్నన్నాళ్లూ పెరిగిన హార్మోన్లు మాయ పడిపోగానే ఒక్కసారిగా తగ్గిపోతాయి. దానికి మందులేమీ అక్కర్లేదు, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో ఐదుగురు బాలింతల్లో దాదాపు ఒకరికి వస్తుంది. నీకు ఈ బుధవారానికి నలభై రోజులు.

మా రెండోవాడు పుట్టినప్పుడు నాకూ వచ్చిందమ్మా. 1988లో. వాడికి పాలిస్తూ గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. బిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదేమిటి, నేనేం తల్లిని అని లోపల్లోపలే కుమిలిపోయేదాన్ని. ఇంట్లో దిష్టి తీశారు. చూపించుకున్న డాక్టరు నీరసం అని బలానికి టానిక్ రాశారు. నర్సునై ఉండి కూడా నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు, ఏడు నెలలు అలాగే మోశాను. వాడు మొదటిసారి ఎప్పుడు నవ్వాడో నాకు గుర్తు లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

అన్నిటికంటే ముందు నిద్ర సంగతి చూడాలి. గంటకోసారి లేచే నిద్ర ఎన్ని గంటలు కలిపినా ఒక నిద్ర కాదు. రాత్రి పది నుంచి మూడు దాకా నిన్నెవరూ లేపకూడదు. పడుకునే ముందు పాలు పిండి, శుభ్రమైన మూత గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రి పాప లేస్తే ఆ గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి, ఉగ్గుగిన్నెతో మీ అమ్మ పట్టగలదు. ఒక్క పూట నీ రొమ్ము దగ్గర తాగకపోతే పాప నిన్ను మరిచిపోదు, పాలూ ఎండిపోవు. మధ్యలో రొమ్ములు బరువెక్కి నొప్పి పుడితే లేచి కాస్త పిండేసి మళ్లీ పడుకో. ఇంత చేసినా, పాప హాయిగా నిద్రపోతున్నా, నీకు కళ్లు మూతపడడం లేదా? అప్పుడది అలసట కాదు. ఆ మాట డాక్టరుకు మొదట చెప్పాలి.

పత్యం విషయంలో మీ అమ్మతో పోట్లాడకు. కాయం తిను, వెల్లుల్లి కారం తిను, సాంబ్రాణి పొగ ఇష్టమైతే వేయించుకో. ఒళ్లంతా నూనె రాసి స్నానం చేయించే ఆ అరగంటను మాత్రం వదులుకోకు. రోజంతా నువ్వు బిడ్డను చూసుకుంటావు, నిన్ను ఒకరు చూసుకునే సమయం అదే. కానీ నీళ్లు తాగితే పొట్ట వస్తుందంటే వినకు. పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లు కావాలి. కిటికీలన్నీ మూసిన గదిలో పొద్దస్తమానం ఉండకు. పొద్దున్నే ఎండ లేతగా ఉన్నప్పుడు అరుగు మీద కూర్చో. కుట్లు మానాయి కదా, వీధి చివరిదాకా నాలుగడుగులు నడిచి రా.

చూడడానికి వచ్చే వాళ్ల మాటలు నిన్ను ఎంత కోస్తున్నాయో నాకు తెలుసు. "పాలు చాలుతున్నాయా? మేం నలుగుర్ని కన్నాం, ఇలా మంచం పట్టలేదు." వాళ్లలోనూ ఎవరో ఒకరు నాలాగే గోడకేసి చూస్తూ కూర్చునే ఉంటారు, చెప్పుకోలేదంతే. ఎవరైనా రాగానే పాపకు పాలివ్వాలని చెప్పి లోపలికి వెళ్లిపో. మర్యాద సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, నేను దానితో మాట్లాడతాను.

అల్లుడికి కూడా నువ్వే చెప్పాలి. వీడియో కాల్లో పాపను చూపించమనే ముందు "నువ్వెలా ఉన్నావు, నిద్రపోయావా" అని అడగమను. ఆదివారం వచ్చినప్పుడు పాపను ఎత్తుకుని ఫోటో దిగితే సరిపోదు, శనివారం రాత్రికే వచ్చి ఆ రాత్రి తనే లేవాలి. అతను మంచివాడే. మగవాళ్లకు ఇవేవీ ఎవరూ నేర్పరు, తమంతట తాము తెలుసుకుంటారని ఎదురుచూస్తే నీకే నష్టం.

డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే పిచ్చని ముద్ర వేయించుకోవడం కాదు. ముందు రక్తపరీక్ష చేయిస్తారు. రక్తహీనత ఉన్నా, కాన్పు తర్వాత థైరాయిడ్ అటూ ఇటూ అయినా అచ్చం ఇలాగే ఉంటుంది. 1987 నుంచి డాక్టర్లు వాడుతున్న పది ప్రశ్నల కాగితం ఒకటుంది. గడిచిన ఏడు రోజుల్లో నవ్వు వచ్చిందా, ఊరికే భయం వేసిందా, నిన్ను నువ్వే నిందించుకున్నావా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పు. చాలామందికి కౌన్సెలింగ్‌తోనే తేలికపడుతుంది. మందులు రాసినా పాలు మాన్పించాలని కంగారు పడకు. సెర్ట్రాలిన్ లాంటివి పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి. నీకేది సరిపోతుందో డాక్టరు చూసి ఇస్తారు. మొదలుపెట్టాక నీ అంతట నువ్వు ఆపేయకు.

ఇంకొక్క మాట నేరుగా అడుగుతున్నాను, దాచకు. చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా? నిన్నో పాపనో ఏదైనా చేసేస్తావేమోనని భయమేస్తోందా? అలా అనిపిస్తే నేను వచ్చేదాకా ఆగొద్దు. ఆ నిమిషమే మీ అమ్మను లేపు, ఒంటరిగా ఉండకు, నాకు ఏ అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఎవరివో మాటలు వినబడడం, లేనిపోని అనుమానాలు, రోజుల తరబడి నిద్రే లేకపోవడం ఉంటుంది. అప్పుడిక ఫోన్లు కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ ముక్క మీ అమ్మకు విడిగా చెప్పాను, భయపెట్టకుండానే చెప్పాను.

నేను గురువారం పొద్దున బస్సుకు వస్తున్నాను, పది రోజులు ఉంటాను. రాత్రిళ్లు పాప నా పక్కన పడుకుంటుంది, నువ్వు ముందు గదిలో తలుపేసుకుని పడుకో. శుక్రవారం మనిద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం. నువ్వు చెప్పలేకపోతే ఈ ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టు, నేను పక్కనే కూర్చుంటాను. కాయం చేసి తెస్తున్నాను. నీకు ఘాటు పడదని మిరియాలు తగ్గించి, బెల్లం కాస్త ఎక్కువ వేశాను.

మీ పెద్దమ్మ