దుప్పి వేటకి ఏ రైఫిల్ అని అడిగారు, ముందు బీరువాలో ఉన్న రైఫిల్ సంగతి చూడండి

ప్రశ్న: మాది మాచర్ల దగ్గర పల్లె. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మా నాన్నగారు 2020 జూలైలో పోయారు. ఆయన లైసెన్స్ .315 రైఫిల్, 14 తూటాలు ఊళ్ళో అమ్మ దగ్గరే బీరువాలో ఉన్నాయి. టెక్సాస్‌లో ఉండే మా బావ దుప్పుల వేటకి వెళ్తాడు, .308 గానీ .30-06 గానీ తీసుకోమంటున్నాడు. నాన్న గుర్తుగా మన వైపు అడవిలో ఒక్కసారైనా వేటాడాలని ఉంది. ఏ క్యాలిబర్‌కి, అంటే ఏ తూటా సైజుకి, లైసెన్స్ పెట్టుకోవాలి? పాత రైఫిల్ నా పేరు మీదికి మారుతుందా? మూడేళ్ళు దాటింది కాబట్టి ఇక కేసు ఉండదని ఊళ్ళో ఒక పెద్దాయన చెప్పారు, నిజమేనా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు ఉంది. రెండున్నర పేజీలు మీ నాన్నగారి గురించే రాశారు, ఆయన భుజాన రైఫిల్‌తో చేను గట్టు మీద నడిచిన తీరు, మీరు వెనకాల పరుగెత్తడం, అన్నీ. ఆ మూడు పేజీల్లో కేసుని తేల్చే మాట ఒక్కటే, రైఫిల్ ఇంకా ఊళ్ళో బీరువాలోనే ఉంది అన్నది. క్యాలిబర్ సంగతి తర్వాత.

లైసెన్స్ పుస్తకంలో 2020 డిసెంబరు 31 వరకు రెన్యువల్ ఉంది కదా, ఆ అయిదు నెలలైనా చెల్లుతుంది కదా అని అడిగారు. చెల్లదు. లైసెన్స్ మనిషికిచ్చేది, ఇంటికి కాదు. ఆయన పోయిన రోజు నుంచి ఆ ఆయుధాన్ని దగ్గర పెట్టుకునే హక్కు మీ ఇంట్లో ఎవరికీ లేదు. ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 21 ప్రకారం ఏ కారణం వల్లనైనా దగ్గర పెట్టుకోవడం చట్టబద్ధం కాకుండా పోతే అనవసరపు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. మీరేం చేశారు? సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడల్లా బయటికి తీసి, బోల్టుకి కొబ్బరి నూనె రాసి, మళ్ళీ దుప్పట్లో చుట్టి పెట్టారు. పైగా దాన్ని పట్టుకుని ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు, నాకూ పంపారు. మీ మీద సాక్ష్యం మీరే తయారు చేసి పెట్టారు. చదువుకున్నవాళ్ళు చేసే పనేనా ఇది?

ఇంకో సంగతి మీరు అస్సలు ఆలోచించలేదు. బీరువా తాళం ఎవరి దగ్గరుంది? మీ అమ్మగారి దగ్గర. రేపు ఎవరో గిట్టనివాళ్ళు ఒక్క ఫోన్ చేసి పోలీసులు వచ్చి తలుపు తీయిస్తే, పంచనామాలో మొదటి పేరు ఆవిడదే అవుతుంది, గుంటూరులో ఉన్న మీది కాదు.

పెద్దాయన చెప్పిన మూడేళ్ళ లెక్క తప్పు. ఆ గడువు మూడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాలకి, నేర విచారణ పద్ధతి చెప్పే చట్టాల్లో, పాత సీఆర్‌పీసీ సెక్షన్ 468లోనైనా దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 514లోనైనా అంతే. లైసెన్స్ లేకుండా తుపాకి ఉంచుకున్నందుకు 2019 డిసెంబరు 14న వచ్చిన సవరణ తర్వాత కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు. మూడేళ్ళు మించిన శిక్షకి కాలదోషం వర్తించదు. అదలా ఉంచినా, తుపాకి ఇంట్లో ఉన్నంత కాలం నేరం రోజూ కొత్తగా జరుగుతున్నట్టే.

ఇప్పుడు మీ ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాసిన విషయానికి వస్తా. పాత తేదీ స్టాంపు పేపరు మీద మీ నాన్నగారే రైఫిల్ మీకు ఇచ్చినట్టు రాయించి పని చేసిపెడతానని ఒక బ్రోకర్ 40 వేలు అడిగాడన్నారు. ఆ మనిషి నంబరు మీ ఫోన్‌లోంచి తీసేయండి. స్టాంపు పేపరుకి నంబరు ఉంటుంది, అది ఎప్పుడు ఎవరికి అమ్మారో వెండర్ రిజిస్టర్‌లో ఉంటుంది. పైగా ఆ కాగితం నిజమే అనుకున్నా దానితో లైసెన్స్ రాదు. ఇప్పుడున్నది నిర్లక్ష్యం, వివరణ ఇచ్చుకోవచ్చు. చనిపోయిన మనిషి సంతకం పెట్టిస్తే అది ఫోర్జరీ, దానికి ఏ వివరణా ఉండదు. కాలవలో పారేద్దామన్న ఆలోచన కూడా వద్దు. రైఫిల్ నంబరు రికార్డుల్లో ఉంది, ఏమైందని అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

చేయాల్సింది ఇదీ. రైఫిల్‌ని కదపకండి. కారు డిక్కీలో వేసుకుని గుంటూరు తెస్తే అది ఇంకో నేరం. ఊళ్ళోనే, ఆ ఇల్లు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో ఆ ఎస్‌ఐ గారికి ఒక ఉత్తరం రాయండి: నాన్నగారు పోయిన తేదీ, రైఫిల్ నంబరు, తూటాల లెక్క, ఆలస్యానికి కారణం, డిపాజిట్ చేస్తామన్న మాట. కరోనా అని రాయండి, నిజమే కాబట్టి, కానీ దాన్ని ఇప్పటిదాకా సాగదీయకండి, ఆ తర్వాతది తెలియకపోవడం వల్ల అని ఒప్పుకోండి. ఒక లాయర్ని వెంటబెట్టుకుని ముందు ఉత్తరంతో వెళ్ళి, వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే అప్పగించండి. డిపాజిట్ రసీదు లేకుండా స్టేషన్ మెట్లు దిగొద్దు. ఉత్తరం కాపీ కలెక్టర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఎందుకంటే సెక్షన్ 39 ప్రకారం ఇలాంటి కేసులో ప్రాసిక్యూషన్‌కి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, ముందస్తు అనుమతి కావాలి, అనుమతి ఇవ్వాలా వద్దా అని ఆలోచించే ఫైలులో మీరే ముందుకొచ్చి అప్పగించిన కాగితం ఉండాలి. కేసు పడదని నేను హామీ ఇవ్వలేను. ఇంతకంటే గట్టి రక్షణ మాత్రం మీకు లేదు.

పేరు మార్పిడికి దారి ఉంది. ఆయుధాల నియమాలు 2016లో రూల్ 25 లైసెన్సుదారు చనిపోతే వారసుడికి లైసెన్స్ ఇచ్చే వీలు కల్పిస్తుంది. డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మీ అమ్మగారు, అక్కయ్య తమకి అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు కావాలి. పాత పుస్తకం ఉమ్మడి గుంటూరు జిల్లాది, 2022 ఏప్రిల్ తర్వాత మాచర్ల పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది, మీరేమో గుంటూరులో నివాసం. దరఖాస్తు మీరు నివాసం ఉన్న జిల్లాలో పెట్టి, పాత రికార్డు ఎక్కడుందో అందులో రాయండి. కారణం అన్న చోట వేట అని మాత్రం రాయకండి.

ఎందుకంటే మన దేశంలో దుప్పి వేటకి లైసెన్స్ అనేదే లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెక్షన్ 9 నిషేధించింది. చంపడమే కాదు, ప్రయత్నించినా, తరిమినా, ఉచ్చు వేసినా చట్టం దృష్టిలో వేటే. మీరు చెప్పిన అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ వైపు. అక్కడ వేటాడితే 3 నుంచి 7 ఏళ్ళు. 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన కృష్ణజింకల వేటకి ఒక సినీ నటుడికి కింది కోర్టులో శిక్ష పడింది 2018లో, 20 ఏళ్ళ తర్వాత కూడా ఆ కేసు వదల్లేదు.

మీ బావగారిది వేరే సంగతి. మన చుక్కల దుప్పినే టెక్సాస్‌కి తీసుకెళ్ళి పెంచారు, అక్కడ అది బయటి జంతువు కింద లెక్క కాబట్టి ప్రైవేటు స్థలాల్లో వేటకి ఒప్పుకుంటారు. అక్కడికైతే ఆయన చెప్పిన రెండూ సరిపోతాయి, .243 కూడా చాలు. ఇక్కడ ఆ లెక్కలు వేసుకుని మీకు ఒరిగేదేమీ లేదు. గురి మీద నిజంగా ఇష్టముంటే రైఫిల్ క్లబ్‌లో చేరి .22తో మొదలుపెట్టండి.

ఆఖరుగా ఒకటి. మీరు పంపిన ఫోటోలో పుస్తకం చివరి పేజీ పెద్దది చేసి చూశాను. అందులో 20 తూటాలు కొన్నట్టు ఉంది, మీరేమో 14 అంటున్నారు. ఆ ఆరు తూటాలు నాన్నగారే కాల్చారా, ఎవరికైనా ఇచ్చారా, ఇంట్లో ఇంకెక్కడైనా ఉన్నాయా అని మీ అమ్మగారిని నెమ్మదిగా అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఉత్తరంలో రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.