షెడ్డులో కాదు, రోడ్డు మీద

వింటేజ్ కార్లు కొని, బాగు చేసుకుని, వాటితోనే ఏళ్ల తరబడి పందేల్లో పాల్గొన్న అనుభవాల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారి 1958 నాటి కారు మా ఇంట్లో ఉంది. చూసినవాళ్లంతా వింటేజ్ కారు అంటారు. మా బావమరిది మాత్రం కాదు, క్లాసిక్ అంటాడు. ఎవరి మాట నిజం?

జవాబు: మీ బావమరిది మాటే నిజం. 1934లో ఇంగ్లండ్‌లో మొదలైన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ 1930 చివరి లోపు తయారైన కార్లనే వింటేజ్ అంటుంది. పందేల్లో తిరిగే మాలాంటివాళ్లం ఆ గీతనే పట్టుకుంటాం. 1905కు ముందువి వెటరన్. అక్కడి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా వచ్చినవి ఎడ్వర్డియన్. క్లబ్బును బట్టి ఈ లెక్కలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గానీ, 1958 బండిని పందేలవాళ్లు వింటేజ్ అనరు.

అంతమాత్రాన మీ కారు విలువేమీ తగ్గదు. అసలు తేడా నడపడంలో ఉంది. 1958 కారుకు ఇప్పటి డ్రైవరు ఒక గంటలో అలవాటు పడిపోతాడు. 1920ల బండి అలా లొంగదు. ఫోర్డ్ మోడల్ టీ చూడండి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన కారు. కింద మూడు పెడల్స్ ఉంటాయి, వాటిలో ఒక్కటి కూడా యాక్సిలరేటర్ కాదు. ఎడమది గేర్లకు, మధ్యది రివర్స్‌కు, కుడిది బ్రేకుకు. యాక్సిలరేటర్ ఏమో స్టీరింగ్ కింద చేత్తో లాగే లివర్. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా అందులో కూర్చుంటే కాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పుకోవాల్సిందే.

ప్రశ్న: మళ్లీ తయారుకాని కార్లను పందేల్లో నడిపి అరగదీయడం తప్పు కాదా? మ్యూజియంలో భద్రంగా ఉంచాలి కదా! అసలు మీరు నడిపిన బండ్లేమిటి, ఆ పందేలు ఎలా ఉండేవి, వివరంగా చెప్పండి.

జవాబు: ఈ మాట నన్ను చాలామంది అడిగారు, కొందరు కోపంగానే అడిగారు. అయినా నా అభిప్రాయం మారలేదు. కారు నడవడానికి తయారైన వస్తువు, నడిస్తేనే బతుకుతుంది. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు నా బండ్ల గురించి చెప్పాలి.

మొదటిది 1929 ఆస్టిన్ సెవెన్. 747 సీసీ ఇంజన్. చూడ్డానికి బొమ్మ కారంత ఉంటుంది గానీ, దీని మీద చేయి తిరిగినవాళ్లు ఎలాంటివాళ్లో చూడండి. లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ కట్టిన మొట్టమొదటి కారుకు ఆధారం ఆస్టిన్ సెవెనే. తర్వాత తన పేరుతోనే ఫార్ములా వన్ టీమ్ పెట్టిన బ్రూస్ మెక్‌లారెన్ కుర్రతనంలో పందేలు మొదలుపెట్టిందీ దీనితోనే.

నా బండిలో కాలి బ్రేకు వెనక చక్రాలకు మాత్రమే పట్టేది. ముందు చక్రాల బ్రేకు కావాలంటే చేతి లివర్ లాగాలి. కంపెనీవాళ్లు ఈ రెండింటినీ కలిపింది 1930లో. ఇప్పుడు కొండదారి పందెంలో హెయిర్‌పిన్ మలుపు ముందుకొచ్చిందనుకోండి. కాలు వెనక బ్రేకు మీద, ఒక చెయ్యి ముందు బ్రేకు లివర్ మీద, రెండో చెయ్యి స్టీరింగ్ మీద. గేరు తగ్గించాలంటే లివర్ వదలాలి, వదిలితే ముందు బ్రేకు పోతుంది. అందుకని తిన్నటి దారిలో ఉండగానే లివర్ లాగి వేగం చంపి, వదిలి, గేరు వేసి, కాలి బ్రేకును ఒక్కసారి తాకించి మలుపులోకి తిప్పాలి. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఆలోచించి చేసేది కాదు, ఒంటికి పట్టాలి. పట్టిన రోజు ఆ చిన్న బండి మలుపులో వెనక చక్రాలను కొద్దిగా జార్చుకుంటూ తనంతట తానే తిరిగినట్టు తిరుగుతుంది. ఆ సంతోషం ఏ కొత్త కారులోనూ నాకు దొరకలేదు.

డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ మీటర్ ఉండేది కాదు, చిన్న బటన్ ఉండేది. ప్రెషర్ ఉంటే బయటికి పొడుచుకొస్తుంది, లేకపోతే లోపలికి పోతుంది. చీకట్లో వేలితో తడిమి చూసుకునేవాణ్ణి. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌కు ముందొకటి, వెనకొకటి, రెండే బేరింగులు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ మధ్యలో షాఫ్ట్ వంగుతుంది. ఆ వణుకు సీటులోంచి నడుముకు తెలుస్తుంది. అది మొదలైన చోట కాలు తీసేయాలి, ఎదుటివాడు దాటిపోతున్నా సరే.

తర్వాత రైలీ నైన్ కొన్నాను. ఆ మోడల్ వచ్చింది 1926లో. 1087 సీసీయే అయినా, బ్లాకులో ఎత్తుగా, వాల్వులను తెరిపించే రెండు క్యామ్‌షాఫ్టులు, వాటి కదలికను పైకి అందించే పొట్టి పుష్‌రాడ్లు, అర్ధగోళం ఆకారంలో ఉన్న సిలిండర్ హెడ్, అందులో ఏటవాలు వాల్వులు. ఆ రోజులకు చాలా ముందున్న డిజైన్. ఇంజన్ గాలి బాగా పీల్చుకుంటుంది, తిరిగేకొద్దీ ఇంకా తిరగాలనే ఉంటుంది దానికి.

ఆ కారుతో వానలో నడిపిన ఒక పందెం నాకు బాగా గుర్తు. నా ముందు మూడు లీటర్ల బెంట్లీ. తిన్నటి దారిలో అది నన్ను వదిలేసి వెళ్లిపోయేది. మలుపు దగ్గర దాని బరువు దానికే అడ్డం, నేను మళ్లీ వెనకే ఉండేవాణ్ణి. మాకు ముందు అద్దం అంటే అరచేయంత చిన్న పలక, వైపర్ లేదు. బెంట్లీ చక్రాలు లేపిన బురదనీళ్లు కళ్లద్దాల మీద పడితే గ్లవ్ వెనక వైపుతో తుడుచుకోవడమే. కాలికి బ్రేకు పట్టిందా లేదా అన్నది పెడల్ చెప్పేదాకా తెలియదు. అన్నీ రాడ్లు, కేబుళ్లు మరి. పాత సన్నటి క్రాస్‌ప్లై టైర్లకు ఒక మంచి గుణం ఉంది. అవి త్వరగానే జారతాయి, కానీ చెప్పి జారతాయి. ముందు స్టీరింగ్ తేలికవుతుంది, తర్వాత వెనక భాగం మెల్లగా పక్కకు నడుస్తుంది, సర్దుకోవడానికి మీకు టైమ్ ఇస్తుంది. అందుకే ఆ వానలో నాకు భయం వేయలేదు.

పందెం పూర్తి కాకుండానే ఆయిల్ మీటర్ సూది మలుపుల్లో కిందికి వాలడం మొదలైంది. తిన్నటి దారిలో మళ్లీ పైకి లేస్తోంది గానీ ఇదివరకటంత లేవడం లేదు. పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను. తర్వాత విప్పి చూస్తే, కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులో, వైట్ మెటల్ అనే మెత్తటి లోహపు పూత పెచ్చులు లేవడం మొదలైంది. షాఫ్టుకు ఒక్క గీత కూడా పడలేదు. ఇంకో ల్యాప్ లాగి ఉంటే షాఫ్ట్ పోయేది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఆ బేరింగును మళ్లీ ఎలా చేస్తారో తెలుసా? తగరం ఎక్కువగా ఉన్న లోహాన్ని కరిగించి, వేడి చేసిన కనెక్టింగ్ రాడ్‌లో పోసి, చల్లారాక బోర్ చేసి, షాఫ్టుకు నీలిరంగు పూసి, రంగు అంటిన చోటల్లా కొద్దికొద్దిగా గీకి సరిపెడతారు. షాపులో కొనే వస్తువు కాదు, చేతి పని. పందేలు జరుగుతున్నాయి కాబట్టే బేరింగులు పోతున్నాయి. పోతున్నాయి కాబట్టే ఆ పని తెలిసిన మనుషులు ఇంకా ఉన్నారు, కుర్రవాళ్లకు నేర్పుతున్నారు. కార్లన్నీ మ్యూజియంలోకి వెళ్లిపోతే పదిహేనేళ్లలో ఆ పని చేసే మనిషి మిగలడు. నిలబెట్టిన కారు మాత్రం చెడకుండా ఉంటుందా? వాల్వులు పట్టేస్తాయి, పెట్రోల్ జిగురై కార్బురేటర్‌లో గడ్డకడుతుంది, సీళ్లు ఎండి పగులుతాయి.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఫ్యాక్టరీలో వేసిన రంగు, కుట్టిన సీట్లు, చెక్క ఫ్రేమ్ ఏమీ మారకుండా మిగిలిన కారు దొరికితే దాన్ని పందెంలోకి దింపకూడదు. 1966లో ఏర్పడిన పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య, ఫీవా, తన ట్యూరిన్ చార్టర్‌లో చెప్పేదీ ఇదే: కొత్తగా మెరిపించడం కంటే ఉన్నదాన్ని కాపాడటం ముఖ్యం. అలాంటి బండిని మెల్లగా తిప్పండి. పందేలకు ఇదివరకే భాగాలు మారిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. పాత కార్లలో గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కాలంటారు. ఎందుకు సార్?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. మీరు చదివే సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలను తానే కలిపే ఏర్పాటు, మొదట కాడిలాక్ కార్లలో 1928లో వచ్చింది. దానికి ముందు కార్లలో, తర్వాత కూడా చాలా కార్లలో, కలవాల్సిన రెండు గేర్ల వేగాన్ని సమానం చేసే బాధ్యత డ్రైవరుదే.

మూడు నుంచి రెండుకు తగ్గించాలనుకోండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదలాలి. న్యూట్రల్‌లో ఉండగానే యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే, క్లచ్ పట్టి ఉంది కాబట్టి ఇంజన్‌తో పాటు గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ కూడా వేగం అందుకుంటుంది. అప్పుడు మళ్లీ క్లచ్ తొక్కి రెండో గేరు వేయాలి. వేగాలు కలిస్తే లివర్ వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది. కలవకపోతే కరకర శబ్దం, గేరు పళ్లకు దెబ్బ. ఎంత తొక్కాలన్నది మీటర్ చూసి తెలిసేది కాదు, ఇంజన్ ధ్వనిని బట్టి చెవికి తెలియాలి. అందుకే నేర్చుకునేవాళ్లను నేను మొదట పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చోమంటాను. ఇప్పుడు ఏ గేరులో ఉన్నామో, ఎప్పుడు మారుస్తానో వాళ్లే చెప్పాలి. అది చెప్పగలిగాక స్టీరింగ్ ఇస్తాను.

ఇంకో మాట. 1920ల బండ్లలో చాలావాటికి యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడిపక్కన ఉంటుంది. ఎవరి బండి ఎక్కినా కదిలించే ముందు పెడల్స్ ఏవి ఎక్కడున్నాయో పైకి చెప్పుకోండి.

ప్రశ్న: వింటేజ్ పందేల దగ్గర ఆముదం వాసన వస్తుందని ఇదివరకు రాశారు. అచ్చు తప్పా?

జవాబు: అచ్చు తప్పు కాదు, నిజంగా ఆముదమే. ఇంజన్ ఎంత వేడెక్కినా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణం ఆముదానికి ఉంది, పైగా పెట్రోల్‌లో సులువుగా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు దీనితోనే తిరిగాయి. పందెపు కార్లవాళ్లూ దీన్నే నమ్ముకున్నారు. కాలిన ఆముదం పొగ కొంచెం తియ్యగా, ఘాటుగా ఉంటుంది. ఒకసారి పీలిస్తే జన్మలో మరిచిపోరు. దీని చిక్కల్లా జిగురు కట్టడం. పందెం అయిన వెంటనే ఇంజన్ వేడి మీదే వంపేయాలి. మామూలు ఇంజన్ ఆయిల్‌తో కలపనే కూడదు. రోజూ తిరిగే పాత బండిలో దీని జోలికి పోకండి.

ప్రశ్న: ఆ రోజుల్లో ఆడవాళ్లు పందేలు నడిపారా? మగవాళ్ల పేర్లే వినిపిస్తాయెందుకు?

జవాబు: నడిపారు, గెలుపు అంచుల దాకా వెళ్లారు. ఎలిష్కా యునోవా అని చెక్ మహిళ, ఎలిజబెత్ యునెక్ అని కూడా రాస్తారు. 1928లో ఇటలీలోని సిసిలీ కొండల్లో జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో బుగాటి 35బి కారు నడిపింది. ఒక్క చుట్టు 108 కిలోమీటర్లు, అలాంటివి అయిదు. రెండో చుట్టులో ఆమే ముందుంది. చివరికి అయిదో స్థానంలో వచ్చింది. ముందే వెళ్లి దారినంతా గుర్తుపెట్టుకుని మరీ బరిలోకి దిగిన మనిషి. అదే ఏడాది జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ పందెంలో ఆమె భర్త చనిపోయాడు. ఆమె పందేలు మానేసింది. అయిదడుగులు కూడా లేని కే పీటర్ 1935లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద 10.5 లీటర్ల డెలాజ్ కారును గంటకు 134 మైళ్లకు పైగా, అంటే సుమారు 216 కిలోమీటర్ల వేగంతో తిప్పింది. 1907లో తెరిచిన ఆ కాంక్రీట్ ట్రాక్ అప్పటికే ఎగుడుదిగుడుగా తయారైంది. అంత బరువైన బండిని ఆ గతుకుల మీద నిలబెట్టడం ఎలాంటిదో నడిపినవాళ్లకు తెలుస్తుంది. పేర్లు వినిపించకపోవడానికి కారణం, చెప్పేవాళ్లు చెప్పకపోవడమే.

ప్రశ్న: మా తాతగారి 1930 నాటి కారు ఇరవై ఏళ్లుగా షెడ్డులోనే ఉంది. బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.

జవాబు: ఆగండి, సెల్ఫ్ కొట్టకండి, తోయకండి కూడా. ముందు నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీయండి. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడండి. తిరగకపోతే బలం పెట్టవద్దు, రింగులు పట్టేసి ఉంటాయి, మళ్లీ ఆయిల్ పోసి ఓపిక పట్టండి. తిరిగితే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని, అంటే సంప్‌ను, దించి అడుగున పేరుకున్న మడ్డిని తీసి, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే తిప్పి పైదాకా ఆయిల్ ఎక్కించండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, చుట్టి పట్టుకోకూడదు. స్పార్క్ టైమింగ్ లివర్ ఉంటే వెనక్కి పెట్టండి. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది.

పెట్రోల్ ట్యాంక్ కడగాలి, రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది పాత రబ్బరునూ, కార్కునూ తినేస్తుంది. వైర్ల మీద గుడ్డ తొడుగు చివికి ఉంటే బ్యాటరీ కలపనే వద్దు, మంటలొస్తాయి. టైర్ల మీద గీతలు బాగున్నాయని మోసపోకండి, ఇరవై ఏళ్ల రబ్బరు పనికిరాదు. బ్రేకులు విప్పి సరిచేసేదాకా బండి షెడ్డు దాటకూడదు. రంగు వేయించే ఆలోచన అసలే వద్దు. తీసిన ప్రతి నట్టూ డబ్బాలో వేసి పేరు రాసుకోండి, తుప్పుపట్టిందైనా సరే.

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కార్బురేటర్ మీద ఉన్న పేరు రాసి, ఫోటోలతో పాటు పంపండి. ఏవి అసలు భాగాలో, ఏవి తర్వాత మారాయో చూసి వచ్చే సంచికలో చెబుతాను.