లెఫ్టినెంట్ గవర్నర్‌గా నిలబడతానన్న మేనకోడలికి

చి. ల. సౌ. బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు.

2029లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి పోటీ చేయాలనుకుంటున్నావని మొన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నాకు నువ్వే చెప్పి ఉంటే బాగుండేది. అరగంట దూరంలో ఉన్న మేనకోడలి సంగతి హైదరాబాద్ నుంచి తెలుసుకోవాల్సి వచ్చింది. సరే, కోపం అంతటితో అయిపోయింది. నిద్ర మాత్రం పట్టలేదు. ఎమ్మెస్ చదవడానికి రెండు సూట్‌కేసులతో మా ఇంటికి వచ్చి, హీటర్ ఎలా వేయాలో తెలియక రాత్రంతా శాలువా కప్పుకుని కూర్చున్న పిల్ల, ఇవాళ స్టేట్ మొత్తం ఓటేసే పదవికి నిలబడతానంటోంది. గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది. రెండూ రాస్తాను.

తెనాలిలో మా పిన్నికి చెబితే, "ఢిల్లీలో ఉంటారే, అలాంటి గవర్నరా? ఎవరు వేస్తారమ్మా ఆ పోస్టు?" అని అడిగింది. ఎవరూ వేయరు పిన్నీ, జనమే ఓటేయాలి అని చెప్పాను. ఇక్కడున్న మనవాళ్లు ఇంకోలా పొరబడుతున్నారు. పక్క స్టేట్ మేరీల్యాండ్‌లో 2022లో అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు కదా, ఇదీ అలాంటిదే అనుకుంటున్నారు. అక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా పోటీ చేస్తారు, ఒక్క ఓటు ఇద్దరికీ పడుతుంది. గవర్నర్‌కు నిలబడిన వెస్ మూర్ ఆవిడను తన జోడీగా ఎంచుకున్నారు. నీకు ఆ ఆసరా ఉండదు. వర్జీనియాలో ఈ పదవికి విడిగా ఓటేస్తారు. గవర్నర్‌ది ఒక పార్టీ, లెఫ్టినెంట్ గవర్నర్‌ది ఇంకో పార్టీ అయినా కావచ్చు. పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నిక నుంచి నవంబరులో అసలు ఎన్నిక దాకా నీ బరువు నువ్వే మోయాలి.

ఓడిపోతే ఎలా అని మీ నాన్న బెంగ. నాకు ఆ బెంగ లేదు. అరుణ హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ల వయసులో ఈ దేశం వచ్చారు. మాంట్‌గోమరీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇంజనీరుగా రోడ్ల పని చూశారు, ఎనిమిదేళ్లు అసెంబ్లీలో కూర్చున్నారు, 2018లో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, సీటు కోసం ప్రైమరీలో ఓడిపోయారు. నాలుగేళ్లకు లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఓటమి సంగతి మీ నాన్నకు నేను సర్దిచెబుతాను. నా భయాలు వేరే ఉన్నాయి.

ముందు పదవి సంగతి. నలభై మంది ఉండే స్టేట్ సెనేట్‌కు, అంటే పై సభకు, నువ్వు అధ్యక్షత వహిస్తావు. ఓట్లు సమానంగా చీలితే నీ ఓటుతో తేలుస్తావు. అదీ అన్నిటికీ చెల్లదు. 2012లో సెనేట్ 20-20గా ఉన్నప్పుడు అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ బిల్ బోలింగ్ తన ఓటుతో సభను తన పార్టీ చేతికి ఇవ్వగలిగారు గానీ, బడ్జెట్ మీద ఓటేయలేకపోయారు. జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి 36,321 డాలర్లే. మీ ఇంటి మార్ట్‌గేజ్ సంగతి మీ ఆయనతో కూర్చుని ఇప్పుడే మాట్లాడుకో. ఇక్కడ గవర్నర్ వరుసగా రెండోసారి ఉండడానికి వీల్లేదు కాబట్టి, ఈ కుర్చీలో ఉన్నవాళ్ల మీద అందరి చూపూ ఉంటుంది. డగ్లస్ వైల్డర్, టిమ్ కేన్, రాల్ఫ్ నార్తమ్ ఇక్కడి నుంచే గవర్నర్ అయ్యారు. కానీ ఆ పై పదవి కోసమే దీనికి వెళ్తున్నానని నీ నోట ఎవరి దగ్గరా రానీయకు. ఓటరు అది ఇట్టే పసిగడతాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో గజాలా హష్మీ ఉన్నారు. ఆవిడా మన హైదరాబాద్‌లో పుట్టినావిడే. 2025 ప్రైమరీలో ఆరుగురు పోటీపడితే ముప్పై శాతం ఓట్లు కూడా రాకుండానే గెలిచారు, మొదటి ముగ్గురి మధ్య తేడా చాలా తక్కువ. ఈ పదవికి ఇన్నిసార్లే అనే పరిమితి లేదు. ఆవిడ మళ్లీ నిలబడతారా, గవర్నర్‌కు వెళ్తారా అన్నది తేలకముందు నువ్వు ప్రకటన చేయవద్దు. నీదీ అదే పార్టీ. వెళ్లి ఆవిడను స్వయంగా కలువు, నీ ఆలోచన దాచకుండా చెప్పు. వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ఎలా ఉంటుందో ఈ ఉత్తరం మొదట్లోనే రాశాను.

అర్హతలు నీకు ఉన్నాయి: ముప్పై ఏళ్లు, పౌరసత్వం, ఐదేళ్ల నివాసం. ప్రచారం డబ్బు లెక్కలు చూసే ట్రెజరర్‌గా బంధువుల్ని పెట్టకు. వెబ్‌సైట్లూ వీడియోలూ నాకన్నా నీకే తెలుసు.

సంతకాల దగ్గర మాత్రం ఆగు. మీ మావయ్య ఒకసారి కౌంటీ బోర్డుకు పోటీ చేయాలనుకున్నారని నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇంట్లో మేం ఆ మాట ఎత్తలేదు. బ్యాలెట్ మీద పేరు రావాలంటే పోటీ చేసే డిస్ట్రిక్ట్‌లో, అంటే నియోజకవర్గంలో, ఓటు ఉన్నవాళ్ల సంతకాలు 125 కావాలి. అదెంత పని, ఉగాదికి ఒక్క పూటలో అయిపోతుందన్నారు. హైస్కూల్ కేఫెటీరియాలో మన సంబరాలు. పులిహోర లైను పక్కన బల్ల వేసి, రెండు క్లిప్‌బోర్డులు పెట్టి కూర్చున్నారు. జనం ప్లేటు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో సంతకాలు పెట్టారు. కాగితం మీద బెల్లం పాకం మరకలు. పిల్లల్ని చూడడానికి వచ్చిన ఒక పెద్దాయన చక్కటి తెలుగులో సంతకం చేసి, అడ్రసు దగ్గర "చీరాల" అని రాశారు. మావయ్య ఆ కాగితం ఇంటికి తెచ్చి నాకు చూపించి మురిసిపోయారు. సాయంత్రానికి నూట ఎనభైకి పైనే వచ్చాయి. పని అయిపోయిందని కాగితాలు సొరుగులో పెట్టేశారు. గడువు రోజు సాయంత్రం ఆఫీసు మూసే వేళకు పట్టుకెళ్లి ఇచ్చారు.

ఎన్నికల ఆఫీసులో ఒక్కొక్క పేరూ ఓటర్ల జాబితాతో సరిచూస్తారు. సంతకం పెట్టినవాళ్లలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎందరో. గ్రీన్‌కార్డు వాళ్లు ఇంకొందరు. పౌరసత్వం వచ్చి ఏళ్లయినా ఓటు నమోదు చేసుకోనివాళ్లు కొందరు. కొందరిది పక్క కౌంటీ, మా ఫ్రెండు ఒకావిడది రోడ్డుకు అవతల వైపు, అంటే వేరే డిస్ట్రిక్ట్. ఇల్లు మారి పాత అడ్రసు రాసినవాళ్లు ఉండనే ఉన్నారు. అన్నీ కొట్టేయగా మిగిలినవి 125కు తక్కువ. ఇంకో పదిమంది దగ్గరికి వెళ్దామన్నా గడువు దాటిపోయింది. గ్యారేజీ నిండా ఆయన పేరుతో అచ్చేయించిన బోర్డులు. బ్యాలెట్ మీద పేరే లేదు.

ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. "అందరూ అభిమానంతోనే పెట్టారే" అన్నారు. ఆయన్ను నిజంగా కుంగదీసింది ఇంకొకటి. ఎదురింటి ముసలాయన, మంచు పడితే మా డ్రైవ్‌వే కూడా తనే తీసిపెట్టే మనిషి, సంగతి తెలిసి తలుపు కొట్టి, "నన్నెందుకు అడగలేదు?" అన్నాడు. మావయ్య దగ్గర జవాబు లేదు. ఆ వీధిలో ఓటున్న ఇళ్లు ముప్పైకి పైగా ఉన్నాయి. ఆయన ఒక్క గడప కూడా తొక్కలేదు. సంతకమంటే మనవాళ్లు, మనవాళ్లంటే ఉగాది. అంతకు మించి ఆలోచన పోలేదు. పరాయివాళ్లను అడగాలంటే మొహమాటం. నీకూ ఆ మొహమాటం ఉంది, నాకు తెలుసు. స్కూల్ బోర్డుకు మన సబ్‌డివిజన్ల బలంతో గెలిచావు. ఇది అలా గెలిచేది కాదు.

నీకు కావాల్సినవి 125 కాదు, పదివేలు. అందులో స్టేట్‌లోని 11 కాంగ్రెస్ డిస్ట్రిక్టుల్లో ఒక్కొక్కదాని నుంచి కనీసం 400 ఉండాలి. మన వైపు లౌడన్, ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలలో ఎన్ని వేలు పోగుచేసినా నైరుతి మూల కొండల్లో 399 వస్తే అంతా వృథా. ఎన్నిక జరిగే ఏడాది జనవరి 1కి ముందు పెట్టిన సంతకాలు లెక్కకు రావు. సంతకాలు తీసుకున్న మనిషి నోటరీ ముందు ప్రమాణం చేయాలి. డిస్ట్రిక్టుల హద్దులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి మ్యాపే చూసుకో. పదివేలు అడిగారని పదకొండు వేలతో ఆగవద్దు, పదహారు వేలు పెట్టుకో. కొత్తవాళ్లే ఇలా దెబ్బతింటారనుకోకు. 2012 ప్రెసిడెంట్ ప్రైమరీకి కాంగ్రెస్ మాజీ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్, టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ ఇద్దరికీ వర్జీనియా బ్యాలెట్‌లో చోటు దొరకలేదు. ఆ పదివేల సంతకాలు సరిగా తేలకే. గింగ్రిచ్ అప్పటికి ఇక్కడే, మెక్లీన్‌లో కాపురం ఉంటున్నారు.

డబ్బు సంగతి చెబుతున్నాను, విను. ఈ స్టేట్‌లో ఎవరు ఎంతైనా ఇవ్వచ్చు, పరిమితి లేదు. మన డాక్టర్లు, కంపెనీల వాళ్లు చెక్కులు రాస్తారు, సందేహం లేదు. కానీ హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్ల దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకు. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్‌కార్డు వాళ్లు ఇవ్వచ్చు. "నా పేరుతో కాకపోతే మా బావ కార్డు మీద ఇస్తాను అక్కా" అని ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు, అది ఇంకా పెద్ద నేరం. గుంటూరు నుంచి మీ పెదనాన్న ముచ్చటపడి పంపుతానంటే దండం పెట్టి వద్దని చెప్పు. గుడి మైకులో ఓట్లు అడగకు. గుళ్లకూ మన సంఘాలకూ పన్ను మినహాయింపు ఉంటుంది, అభ్యర్థుల తరఫున అవి పనిచేయకూడదు. నీ వల్ల వాటికి చిక్కు రాకూడదు. గుడి బయట కాఫీ తాగుతూ ఎవరితోనైనా ఏమైనా మాట్లాడుకో.

పోలింగ్ బూత్‌లో ఎన్నో ఏళ్లు పనిచేశాను కాబట్టి ఇంకొకటి చెప్పగలను. బ్యాలెట్‌లో గవర్నర్ తర్వాతి గడి నీది. పెద్దవాళ్లు పైన ఓవల్ నింపేసి, పెన్ను గాల్లో ఆపి, "ఈ రెండోది ఎందుకు?" అని మా వైపు చూసేవాళ్లు. మేం ఏమీ చెప్పకూడదు. ఆ జవాబు వాళ్ల ఇంటికి నువ్వు ముందే వెళ్లి చెప్పి రావాలి. అదీ నవంబరులో కాదు, 45 రోజుల ముందు నుంచే ఓటింగ్ మొదలవుతుంది.

ఇక నా అసలు భయం. ఆ నైరుతి మూల. లీ కౌంటీ ఎంత దూరమంటే, అది డెట్రాయిట్ కన్నా పడమరన ఉంది. ఇక్కడి నుంచి ఏడు గంటల డ్రైవు, ఐ-81 మీద ఒకటే లారీలు, కొండల్లో ఫోను సిగ్నల్ ఉండదు, చీకటి పడితే జింకలు అడ్డం వస్తాయి. రాత్రిపూట ఒక్కదానివే రాకు. మోటెల్లో పడుకుని తెల్లారాక బయల్దేరు. ఇది సలహా కాదు, ఆజ్ఞ.

రోడ్డు ఒక్కటే కాదు నా భయం. 2006 ఆగస్టులో కెంటకీ సరిహద్దు దగ్గర బ్రేక్స్ అనే ఊళ్లో అమెరికా సెనేటర్ జార్జి అలెన్ ఎన్నికల సభ జరిగింది. ప్రత్యర్థి తరఫున వీడియో తీస్తున్న ఇరవై ఏళ్ల భారతీయ కుర్రాణ్ని అలెన్ అందరి ముందూ వేలెత్తి చూపించి "మకాకా" అన్నారు. అది ఒక జాతి కోతి పేరు. "అమెరికాకు స్వాగతం" అని కూడా అన్నారు. ఆ అబ్బాయి వర్జీనియాలోనే పుట్టి పెరిగినవాడు. ఆ వీడియో చూసినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు, అప్పటికి నువ్వింకా ఈ దేశం రానేలేదు. అలెన్ ఆ ఎన్నికలో పదివేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. అయినా ఆ కుర్రాడు నిలబడిన చోట నిన్ను ఊహించుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందుకని వెళ్లొద్దంటానా? మొదట అక్కడికే వెళ్లు అంటాను. బానిసల మనవడైన వైల్డర్ 1985లో ఇదే పదవికి నిలబడి, స్టేషన్ వ్యాగన్ వేసుకుని రెండు నెలలు 95 కౌంటీలూ తిరిగారు. కంబర్లాండ్ గ్యాప్ నుంచి, అంటే ఆ నైరుతి కొస నుంచే మొదలుపెట్టారు. గెలిచారు. మీ తాతయ్య పంచాయతీకి నిలబడినప్పుడు, మనకు పడదని తెలిసిన వీధిలోకే పొద్దున్నే ముందు వెళ్లేవాడు. మజ్జిగ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అరుగు మీద కూర్చుని వాళ్ల బోరింగు సంగతి అడిగేవాడు. నువ్వూ అక్కడ ముందు వినడానికి వెళ్లు. బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఉన్నారు. లీ కౌంటీలో 2013లో మూతపడిన ఆసుపత్రి 2021 దాకా తెరుచుకోలేదు, అన్నేళ్లు పురిటి నొప్పులొచ్చినా గుండెనొప్పి వచ్చినా కొండలు దాటి పరుగెత్తారు. మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఆ బాధ ఒకరు చెప్పాలా? అది నీకు తెలుసని వాళ్లకు తెలియనీ. పేరు కుదించుకోకు. రెండుసార్లు పలికితే మూడోసారి వాళ్లకే వస్తుంది.

బాబు అప్పటికి పదో ఏట ఉంటాడు. ఏడాది పొడవునా వాడి హోంవర్కు, టిఫినూ ఎవరు చూస్తారో మాటల్లో కాదు, కాగితం మీద రాసుకోండి. నేనున్నాను, కానీ నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. నువ్వు కాఫీతో రోజు గడిపేస్తావని మీ ఆయన చాలాసార్లు చెప్పాడు. కారులో పెరుగన్నం డబ్బా పెట్టుకో.

ఆదివారం భోజనానికి రండి. గోంగూర కావాలో దోసకాయ పప్పు కావాలో శనివారమే చెప్పు. ఆ నైరుతి వైపు బ్లాక్స్‌బర్గ్‌లో మావయ్య స్నేహితులు ఇద్దరున్నారు, అక్కడివాళ్లతో బాగా కలిసిపోయిన కుటుంబాలు. వాళ్ల నంబర్లు తీసి పెడతాను, ముందు నేనే మాట్లాడతాను. నువ్వు వచ్చేటప్పుడు 11 డిస్ట్రిక్టుల మ్యాపు ప్రింటు తీసుకురా. ఏ మూలకు ఎవరు వెళ్లాలో పెన్సిల్‌తో రాసుకుందాం. ఆ ఎదురింటి ఆయనను కూడా పిలుస్తాను. తొంభై దగ్గర పడ్డాయి, అయినా సంతకాల పని అంటే వస్తానన్నాడు.

ప్రేమతో,
మీ అత్తయ్య